ఫ్రిస్కోలో మా కారు లెక్కలు: ప్లగిన్ హైబ్రిడ్డా, పూర్తి ఎలక్ట్రిక్కా?

మా క్యామ్రీ పన్నెండేళ్ళు నమ్మకంగా పనిచేసింది. 2025 వేసవిలో మెకానిక్ చూసి, "ఇక దీనికి పెట్టే డబ్బేదో కొత్తదానికి పెట్టుకోండి" అని తేల్చేశాడు. ఆ బండి నడిపేది నేనే. డాలస్ దగ్గరి ఫ్రిస్కోలో ఇంటి నుంచి లాస్ కొలీనాస్‌లో ఉన్న ఆఫీసుకు వెళ్ళి రావడం దాదాపు 50 మైళ్ళు. మా ఆయన ఎక్కువగా ఇంటి నుంచే పని చేస్తారు. ఆయన తిప్పే మినీవ్యాన్ పెట్రోలుదే, దానికింకా నాలుగైదేళ్ళు ఢోకా లేదు.

కొత్తగా కొనేది మామూలు పెట్రోలు కారు కాకూడదన్న దాంట్లో ఇద్దరిదీ ఒకే మాట. ఆ తర్వాతే తేడా వచ్చింది. ఆయనది ప్లగిన్ హైబ్రిడ్, నాది పూర్తి ఎలక్ట్రిక్. "రోజూ కరెంటు మీద తిరుగుతావు, దూరం వెళ్తే పెట్రోలు ఉండనే ఉంటుంది, టెన్షన్ ఉండదు" అని ఆయన వాదన. "ఇంట్లో ఒక పెట్రోలు బండి ఉండగా ఇంకో ఇంజనుకు ఆయిల్ మార్పిస్తూ తిరగడం ఎందుకు" అని నాది. మాటలతో తేలే విషయం కాదని రెండు రకాలూ తెచ్చి నడిపాం, కరెంటు బిల్లులు ముందేసుకుని లెక్కలు వేశాం. మనవాళ్ళు చాలామంది ఇదే చోట తటపటాయిస్తున్నారు కాబట్టి మేం చూసినవన్నీ రాస్తున్నాను. టెక్సస్‌లో మటుకు, ఈ రెండింటి మధ్య తేడా పెట్రోలు ఖర్చులో లేదని నాకు తేలింది. రాత్రి మీ కారు ఎక్కడ ఆగుతుంది, అక్కడ ప్లగ్ ఉందా, ఇంట్లో ఇంకో బండి ఉందా అన్నవే అసలు ప్రశ్నలు.

ప్లగిన్ హైబ్రిడ్ అంటే బ్యాటరీ, ఇంజను రెండూ ఉన్న కారు. మామూలు హైబ్రిడ్‌కి చిన్న బ్యాటరీ ఉంటుంది, దాన్ని కారే నింపుకుంటుంది. ప్లగిన్‌లో అంతకంటే చాలా పెద్ద బ్యాటరీ ఉంటుంది, దాన్ని మనం గోడ ప్లగ్‌కి పెట్టి నింపాలి. మేం చూసిన 2025 మోడల్ టయోటా రావ్4 ప్లగిన్‌లో బ్యాటరీ 18.1 యూనిట్లు పడుతుంది. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్క ప్రకారం అది 42 మైళ్ళు వస్తుంది. అది అయిపోతే మామూలు హైబ్రిడ్‌లా గ్యాలన్‌కు 38 మైళ్ళు ఇస్తుంది. ట్యాంకు 14.5 గ్యాలన్లు కాబట్టి మొత్తం కలిపి 600 మైళ్ళ దాకా ఆగకుండా పోవచ్చు. ప్రియస్ ప్లగిన్ ఇంకా పొదుపు, బేస్ మోడల్ కరెంటు మీదే 44 మైళ్ళు పోతుంది. కానీ మా అత్తయ్య, మామయ్య ఏటా వచ్చి ఉంటారు. మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్య అంత కిందికి వంగి ఎక్కడం కష్టమని దాన్ని పక్కన పెట్టాం. ఎలక్ట్రిక్ వైపు టెస్లా మోడల్ వై, షెవర్లే ఈక్వినాక్స్ ఈవీ చూశాం.

ప్లగిన్ టెస్ట్ డ్రైవ్‌కి మొదట వెళ్ళిన డీలర్ దగ్గర కారు బ్యాటరీ సున్నా. లాట్‌లో నిలబెట్టిన బండికి ఎవరూ ప్లగ్ పెట్టలేదు. "ఇది కూడా హైబ్రిడ్ లాగే నడుస్తుందండీ" అని సేల్స్‌మన్ తాళం చేతికిచ్చాడు. ఏ కారణంతో ఆ కారుకి పది వేల డాలర్లు ఎక్కువ పెట్టాలో, ఆ కారణం తప్ప మిగతావన్నీ చూపించాడు. ఇంకో చోట మరీ దారుణం, అడుగుదామంటే బ్యాటరీ గురించి తెలిసిన మనిషే లేడు. మీరు వెళ్ళేటప్పుడు ముందుగా ఫోన్ చేసి "ఫుల్ చార్జింగ్ పెట్టి ఉంచండి" అని చెప్పండి. లేకపోతే ఆ డ్రైవ్ దండగ.

అందుకని యజమానులు రోజువారీగా అద్దెకిచ్చే యాప్‌లో రావ్4 ప్లగిన్ తీసుకుని ఆఫీసుకు తిరిగాను. బండి హాయిగా ఉంది, అందులో సందేహం లేదు. 302 హార్స్‌పవర్, టోల్‌వే ఎక్కేటప్పుడు తొక్కితే ఒక్క ఊపున దూకుతుంది. ఈవీ మోడ్‌లో ఉంచితే 70 మైళ్ళ స్పీడులోనూ ఇంజను ఊసే లేదు. ఆగస్టు ఎండ, ఏసీ ఫుల్లు, అంతా టోల్‌వే డ్రైవింగ్. ఉదయం ఆఫీసు చేరేసరికి బ్యాటరీ సగం కంటే తక్కువ మిగిలేది. మా ఆఫీసులో చార్జర్లు లేవు. సాయంత్రం తిరుగు ప్రయాణంలో జార్జ్ బుష్ టర్న్‌పైక్ దిగి నార్త్ టోల్‌వే ఎక్కే సమయానికి కరెంటు మైళ్ళు అయిపోయి ఇంజను అందుకునేది. అక్కడినుంచి ఇంటిదాకా పెట్రోలే. అంటే రోజూ 38 మైళ్ళు కరెంటు, 12 మైళ్ళు పెట్రోలు. నా ఆఫీసు పది మైళ్ళు దగ్గరగా ఉండుంటే నెలల తరబడి ట్యాంకు ముట్టుకోనక్కర్లేదు. ప్లగిన్ హైబ్రిడ్ విషయంలో ఈ ఒక్క అంకె చాలా ముఖ్యం: మీ రోజువారీ మైళ్ళు ఆ బ్యాటరీలో పడతాయా, పడవా. ఈపీఏ చెప్పిన మైళ్ళలో పది, పదిహేను శాతం తగ్గించుకుని చూసుకోండి.

ఇక డబ్బు లెక్క. మా ఇంటి కరెంటు డెలివరీ చార్జీలతో కలిపి యూనిట్ 14 సెంట్లు పడుతుంది. పెట్రోలు అప్పట్లో మా వైపు గ్యాలన్ 2.80 డాలర్ల దరిదాపుల్లో ఉంది. రావ్4 ప్లగిన్ కరెంటు మీద వంద మైళ్ళకు 36 యూనిట్లు తింటుంది. 38 మైళ్ళకు రెండు డాలర్ల లోపు, మిగతా 12 మైళ్ళకు పెట్రోలు 90 సెంట్లు. రోజుకు 2.80 డాలర్లు అనుకోండి. ఈక్వినాక్స్ వంద మైళ్ళకు 31 యూనిట్లు తీసుకుంటుంది, 50 మైళ్ళకు 2.20 డాలర్లు. పాత క్యామ్రీకి అదే దూరం అయిదు డాలర్లు అయ్యేది. మామూలు హైబ్రిడ్ అయితే మూడున్నర.

ఈ అంకెలు కాగితం మీద పెట్టాక ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. ప్లగిన్‌కీ, పూర్తి ఎలక్ట్రిక్‌కీ తేడా రోజుకు 60 సెంట్లు. ఏడాదికి ఆఫీసు రోజులన్నీ కలిపితే 150 డాలర్లు దాటదు. మరోవైపు టెక్సస్ ప్రభుత్వం 2023 సెప్టెంబర్ 1 నుంచి పూర్తి ఎలక్ట్రిక్ కార్ల మీద ఏటా 200 డాలర్ల అదనపు రిజిస్ట్రేషన్ ఫీజు వసూలు చేస్తోంది. కొత్త కారైతే మొదటిసారే 400 కట్టాలి. ప్లగిన్ హైబ్రిడ్‌లకు ఆ ఫీజు లేదు. అంటే కరెంటులో మిగిలేది ఫీజులో పోయి, పైన మనమే కొంచెం ఎదురు కట్టాలి. పెట్రోలు గ్యాలన్ నాలుగున్నర, అయిదు డాలర్లుండే కాలిఫోర్నియాలో ఈ లెక్క వేరు, అక్కడ కరెంటు రేటూ వేరు. ఎక్కడివాళ్ళు అక్కడి బిల్లు తీసి చూసుకోవాల్సిందే. అక్కడి అంకెలతో చేసిన వీడియో చూసి ఇక్కడ కొనేస్తున్నవాళ్ళను చూస్తే బాధేస్తుంది.

రాత్రిపూట కరెంటు ఉచితమనే 'రాత్రిళ్ళు ఫ్రీ' ప్లాన్ తీసుకోమని కూడా చాలామంది చెప్పారు. మా ఇంటి స్మార్ట్ మీటర్ లెక్క గంటగంటకూ తీసి చూశాను. మా వాడకంలో సింహభాగం మధ్యాహ్నం ఏసీదే. ఆ ప్లాన్‌లో పగటి రేటు బాగా ఎక్కువ. ఇంట్లో పగలంతా మనిషి ఉండి పని చేసుకునే మా లాంటి ఇంటికి కారు మీద మిగిలేది ఏసీ మీద పోతుంది. పగలు ఇల్లు తాళం వేసి వెళ్ళేవాళ్ళకు మాత్రం బ్రహ్మాండంగా కలిసొస్తుంది.

డబ్బు తేడా తేలకపోయేసరికి అసలు విషయాలు ముందుకొచ్చాయి. మొదటిది, ప్లగ్.

అమెరికా ఇళ్ళలో మామూలు సాకెట్ 120 వోల్టులు. అందులోంచి కారు గంటకు 1.4 యూనిట్లు లాగుతుంది. రావ్4 ప్లగిన్ బ్యాటరీ అలా నిండటానికి 12 గంటలు. సాయంత్రం పెడితే తెల్లారేసరికి సిద్ధం, ఎలక్ట్రీషియన్‌తో పని లేదు. ఇది ప్లగిన్‌కి నిజమైన బలం. కానీ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. పూర్తి ఎలక్ట్రిక్ కారుకీ అదే సాకెట్ అదే కరెంటు ఇస్తుంది కదా. రాత్రి పదకొండు గంటలు పెడితే నలభై మైళ్ళు వస్తాయి. పెద్ద బ్యాటరీని పూర్తిగా నింపాలంటే రెండున్నర రోజులు పడుతుందనేది నిజమే, కానీ రోజూ పూర్తిగా నింపాల్సిన అవసరం ఎవరికుంది? వాడినంత నింపితే చాలు. నాకు రోజుకు పది మైళ్ళు తక్కువ పడేవి, అవి శనాదివారాల్లో పూడిపోయేవి. చివరికి కొన్న ఈక్వినాక్స్ ఈవీని కొత్తల్లో మేం ఇలాగే నడిపాం, ఎక్కడా ఇబ్బంది రాలేదు. రోజుకు 30, 40 మైళ్ళు తిరిగేవాళ్ళు చార్జర్ కోసం వెయ్యి డాలర్లు పెట్టే ముందు కొన్ని వారాలు మామూలు సాకెట్ మీద నడిపి చూడండి.

తర్వాత 240 వోల్టులది పెట్టించాం. ఎలక్ట్రీషియన్ వచ్చి గరాజ్‌లో ప్యానెల్ మూత తీసి, ఒక్కో బ్రేకరూ వేలితో చూపిస్తూ రాసుకున్నాడు: రెండు ఏసీలు, ఓవెన్, డ్రయ్యర్. మొత్తం లోడ్ కూడి, 50 ఆంపుల సర్క్యూట్‌కి చోటుందన్నాడు. గంటల తరబడి ఆగకుండా లాగే లోడ్ కాబట్టి 50 ఆంపుల సర్క్యూట్ మీద 40కి మించకూడదట, అది కరెంటు పనుల నియమావళి (కోడ్). మేం 14-50 అనే 240 వోల్టుల సాకెట్ అడిగితే, తన వ్యాన్‌లోంచి ఇంకో ఇంట్లో ఊడదీసిన సాకెట్ తెచ్చి చూపించాడు. పిన్ను దూరే కన్నం చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, ఒక మూల కరిగి జారి ఉంది. ముట్టుకుంటే పెళుసుగా రాలుతోంది. స్టోర్లో దొరికే చవక రకం సాకెట్లు వంట పొయ్యి కోసం చేసినవి. పొయ్యి గంటసేపు వాడి ఆపేస్తాం. కారు రాత్రంతా లాగుతుంది. వదులైన చోట వేడెక్కి ఇలా అవుతుంది. పెడితే ఇండస్ట్రియల్ రకం పెట్టించుకోవాలి, లేదా సాకెట్ లేకుండా చార్జర్‌ని నేరుగా వైరుకు బిగించాలి. మేం రెండోదే చేయించాం. 6 గేజ్ రాగి వైరు వేసి, స్క్రూలు టార్క్ డ్రైవర్‌తో లెక్క ప్రకారం బిగించాడు. సిటీ పర్మిట్ తీసుకున్నాం, ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి వెళ్ళాడు. ప్యానెల్ గరాజ్‌లోనే ఉండటంతో వైరు పొడవు తక్కువై ఖర్చు కలిసొచ్చింది. చార్జర్ బిగింపుకి అప్పట్లో ఉన్న ఫెడరల్ పన్ను రాయితీ (టాక్స్ క్రెడిట్) మాత్రం అన్ని ప్రాంతాలకూ వర్తించేది కాదు, మాది అందులో లేదు. పర్మిట్ లేకుండా సగం ధరకు చేస్తానన్నవాళ్ళూ తగిలారు. పిల్లలు పడుకునే ఇంట్లో రాత్రంతా నడిచే లోడ్ అది, ఆ సాకెట్ చూశాక ఇక బేరం ఆడాలనిపించలేదు.

రెండోది, దూర ప్రయాణం. ఇది మా ఆయన ప్రధాన అభ్యంతరం, కాబట్టి దీన్ని గట్టిగానే పరీక్షించాం. హ్యూస్టన్ పక్కన పేర్‌ల్యాండ్‌లో ఉన్న మీనాక్షి అమ్మవారి గుడికి అత్తయ్య, మామయ్యలతో వెళ్ళాల్సి ఉంది. మినీవ్యాన్ ఇంట్లో వదిలేసి, ఒక ఈక్వినాక్స్ ఈవీ అద్దెకు తీసుకుని బయల్దేరాం. ఒకవైపు 250 మైళ్ళు దాటుతుంది. ఈపీఏ రేంజ్ 319 మైళ్ళు అని రాసి ఉంటుంది, కానీ ఐ-45 మీద 75 స్పీడులో అంత రాదు. 260, 270 అనుకుని నడపాలి. ఆగకుండా పోతే అంచుల మీద చేరతాం, అంత అవసరం లేదు. హ్యూస్టన్ ఇంకా గంటన్నర ఉందనగా హైవే పక్కన ఒక ఫాస్ట్ చార్జర్ దగ్గర ఆపాం. మొదట పెట్టిన స్టాల్ తెర వెలగలేదు. పక్కదానికి మార్చాం, అది పట్టుకుంది. అరగంటకు పైనే పట్టింది. అత్తయ్య ఎలాగూ దిగి కాస్త నడవాల్సిందే, లేకపోతే మోకాళ్ళు పట్టేస్తాయి. పులిహోర తిని, రెస్ట్‌రూమ్‌కి వెళ్ళొచ్చేసరికి చాలినంత ఎక్కింది. "మనం బస్సులో వెళ్ళినా ఇంతసేపు ఆపుతాడు కదమ్మా" అన్నారు మామయ్య.

తిరుగు ప్రయాణం అంత సాఫీగా లేదు. ఆదివారం సాయంత్రం, చార్జర్లన్నీ నిండి ఉన్నాయి, ముందు రెండు కార్లు. మా ఆయన నా వైపు చూశారు, నేనేమీ అనలేదు. టెస్లా సూపర్‌చార్జర్లు ఇప్పుడు అడాప్టర్‌తో వేరే కంపెనీల కార్లకూ పనిచేస్తున్నాయి, కానీ అన్నీ కాదు, పాతరకం స్టేషన్లు తెరవలేదు. కేబుల్ పొట్టిగా ఉంటుంది కాబట్టి కొన్ని కార్లను వంకరగా నిలపాల్సి వస్తుంది. ధర కూడా చూడండి. ఇంట్లో 14 సెంట్లకు వచ్చే యూనిట్ హైవే మీద 50 సెంట్ల దాకా ఉంటుంది. అంత ధరకు మొత్తం దూరం నడిపితే హైబ్రిడ్‌లో పెట్రోలు పోయించడం కంటే రెట్టింపు అవుతుంది. ఎలక్ట్రిక్ కారు చవక అనేది ఇంట్లో చార్జింగ్ ఉన్నప్పుడే నిజం. నెలకు రెండు మూడుసార్లు ఆస్టిన్, హ్యూస్టన్ తిరిగే ఉద్యోగమైతే ప్లగిన్ తీసుకోండి, నేనే చెబుతాను. మేం ఏడాదికి ఏ నాలుగైదుసార్లో వెళ్తాం. ఆగడం ఇష్టం లేని రోజున మినీవ్యాన్ ఉంది.

మూడోది, కారు ధర. ఇక్కడే మా వాదన తేలిపోయింది. రావ్4 ప్లగిన్ అప్పట్లో మొదలే 45 వేల డాలర్ల దగ్గర. కార్లు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. ఒక డీలర్ 'మార్కెట్ అడ్జస్ట్‌మెంట్' అని కొన్ని వేలు కలిపి, మ్యాట్లూ అద్దాల ఫిల్మూ తప్పనిసరి అన్నాడు. జపాన్‌లో తయారైన బండి కాబట్టి కొంటే అప్పటి ఫెడరల్ టాక్స్ క్రెడిట్ వచ్చేది కాదు. లీజుకు తీసుకుంటే కంపెనీకి వచ్చే క్రెడిట్‌ని కొందరు మనకు తగ్గించేవారు, కొందరు తగ్గించేవారు కాదు. ఈక్వినాక్స్ ఈవీ 35 వేల దగ్గర మొదలయ్యేది, అప్పటికింకా 7,500 డాలర్ల క్రెడిట్ కొనేటప్పుడే తగ్గించేవారు. జులై 4న సంతకమైన కొత్త చట్టంతో ఆ క్రెడిట్ 2025 సెప్టెంబర్ 30తో ముగుస్తుందని అందరికీ తెలిసిపోయింది. ఆ లోపు ఒప్పందం మీద సంతకం చేసి కొంత డబ్బు కడితే, డెలివరీ తర్వాత వచ్చినా చెల్లుతుందని అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ ఆగస్టులో స్పష్టం చేసింది. డీలర్లు మాత్రం "ఈ రోజే, ఈ పూటే" అని తొందరపెడుతూనే ఉన్నారు. దంపతుల ఉమ్మడి ఆదాయం మూడు లక్షల డాలర్లు దాటితే ఆ క్రెడిట్ వచ్చేది కాదు. ఇద్దరూ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మన ఇళ్ళు కొన్ని అక్కడ ఆగిపోయాయి. ఆ ఏడాది ఆదాయంగానీ ముందు ఏడాదిదిగానీ, ఏదో ఒకటి లోపల ఉంటే చాలు కాబట్టి మాకు కుదిరింది.

పదిహేడు వేల డాలర్ల తేడా ఎదురుగా కనపడ్డాక మా ఆయన ఇక వాదించలేదు. "ఇంకొక్క ప్రశ్న, బ్యాటరీ సంగతేంటి" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. ప్లగిన్‌లో చిన్న బ్యాటరీ రోజూ దాదాపు పూర్తిగా ఖాళీ అయి, పూర్తిగా నిండుతుంది. ఈక్వినాక్స్‌లో 85 యూనిట్ల బ్యాటరీ, నేను రోజూ అందులో అయిదోవంతు కూడా వాడను. 80 శాతం దగ్గర ఆపేలా పెట్టుకున్నాను. మామూలుగా అంత తేలికగా వాడితే బ్యాటరీ ఎక్కువ కాలం మన్నుతుంది. అయితే టయోటా వాళ్ళు చిన్న బ్యాటరీని కూడా పైనా కిందా కొంత వదిలి వాడిస్తారు, పైగా దానికి పదేళ్ళు లేదా లక్షన్నర మైళ్ళ వారంటీ ఇస్తారు. ఎలక్ట్రిక్ కార్లకు మామూలుగా ఎనిమిదేళ్ళు, లక్ష మైళ్ళు. వారంటీ కాగితం మీద చూస్తే టయోటాదే పైచేయి, అది ఒప్పుకోవాలి.

2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సస్‌లో రోజుల తరబడి కరెంటు పోయిన సంగతి ఇక్కడున్న ఎవరూ మర్చిపోరు. ఒకే కారున్న ఇంటికి ఆ భయం సహజం, ట్యాంకులో పెట్రోలు ఉండటం కొండంత ధైర్యం. కరెంటు లేకపోతే బంకులో పంపు కూడా పనిచేయదు, నిజమే, కానీ ముందే నింపి ఉంచుకోవచ్చు. మాకు రెండో బండి ఉండటంతో ఆ ధైర్యం ఎలాగూ ఉంది.

కొన్నాక నచ్చినవి చెప్పాలంటే, మధ్యాహ్నం 105 డిగ్రీల ఎండలో పార్కింగ్‌లో ఉన్న కారుని ఫోన్‌లోంచి ముందే చల్లబరిచి ఎక్కడం. గ్యాస్ స్టేషన్ ముఖం చూడకపోవడం. ఇంటికొచ్చేసరికి తల నొప్పి లేకపోవడం, ఆ నిశ్శబ్దం వల్లే అనుకుంటున్నాను. నచ్చనిది, షెవర్లే తయారుచేసే జీఎం వాళ్ళు ఇందులో ఆపిల్ కార్‌ప్లే తీసేశారు. ఫోన్ కలపగానే నా మ్యాపులు, పాటలు తెరమీద వచ్చే అలవాటు పోయి, వాళ్ళ గూగుల్ తెరకు అలవాటు పడాల్సి వచ్చింది. కొనే ముందు ఇది చూసుకోండి, కొందరికి ఇదొక్కటే చాలు వద్దనుకోవడానికి. బండి బరువెక్కువ కాబట్టి టైర్లు కూడా త్వరగా అరుగుతాయంటున్నారు, రొటేషన్ వాయిదా వేయకుండా చేయిస్తున్నాను.

ఇదంతా చదివి ప్లగిన్ పనికిరాదని అనుకోకండి. మా మరిది ఒహాయోలో కొలంబస్ దగ్గర ఉంటాడు. ఒకే కారు, ఆఫీసు ఎనిమిది మైళ్ళు, గరాజ్‌లో సాకెట్, నెలకోసారి షికాగో ప్రయాణం. అతనికి ప్రియస్ ప్లగిన్ కొలిచి కుట్టిన చొక్కాలా సరిపోయింది. గడ్డకట్టే చలిలో హీటర్ కోసం ఇంజను దానంతటదే స్టార్టవుతుంది, అది తప్ప వారమంతా కరెంటు మీదే. కానీ అతను రోజూ ప్లగ్ పెడతాడు. పెట్టనివాళ్ళ సంగతే నన్ను కలవరపెడుతుంది. ఐసీసీటీ అనే పరిశోధన సంస్థ 2022లో అమెరికాలోని ప్లగిన్ హైబ్రిడ్‌ల నిజమైన వాడకం చూసి, లేబుల్ మీద రాసినదానికంటే పెట్రోలు 42 నుంచి 67 శాతం ఎక్కువ తాగుతున్నాయని తేల్చింది. యూరప్‌లో కార్లలోని మీటర్ల లెక్కలే తీసి చూస్తే కార్బన్ డయాక్సైడ్ కాగితం మీది లెక్కకు మూడున్నర రెట్లు వస్తోందని 2024లో యూరోపియన్ కమిషన్ చెప్పింది. అన్ని వేలు పోసి బ్యాటరీ కొని, దాన్ని ఖాళీగా మోసుకు తిరగడం ఎంత నష్టం! మాకు తెలిసిన ఒకాయన కారు చార్జింగ్ కేబుల్ ఇంకా డిక్కీలో ప్లాస్టిక్ సంచీలోనే ఉంది. టాక్స్ క్రెడిట్ కోసం లీజుకు తీసుకున్నాడు, అపార్ట్‌మెంట్‌లో ప్లగ్ లేదు.

హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడు కూడా ఇదే అడిగాడు. అక్కడ మధ్యతరగతి ధరలో ప్లగిన్ హైబ్రిడ్ దొరకదు కాబట్టి ఆ ప్రశ్నే రాదు. ఉన్నవి మామూలు హైబ్రిడ్, పూర్తి ఎలక్ట్రిక్. ఎలక్ట్రిక్ మీద జీఎస్టీ 5 శాతమే, తెలంగాణలో 2024 నవంబర్ నుంచి 2026 డిసెంబర్ దాకా రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు కూడా లేవు. వాడి సమస్య ధర కాదు, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చార్జింగ్ పాయింట్‌కి అసోసియేషన్‌ని ఒప్పించడం. ముందు ఆ కాగితం చేతికొచ్చాకే బుకింగ్ చేయమన్నాను.

మా వదినవాళ్ళు అర్వింగ్‌లో అద్దె అపార్ట్‌మెంట్‌లో ఉంటారు, పార్కింగ్ ఆరుబయట. మా కారు చూసి ముచ్చటపడి అలాంటిదే కొంటామన్నారు. వద్దని గట్టిగా చెప్పాను. రోజూ హైవే ధరకు చార్జింగ్ కొనుక్కుంటూ, అరగంటలు కాచుకుంటూ వాళ్ళు సుఖపడరు. వాళ్ళకి మామూలు హైబ్రిడ్డే మంచిది, అదే తీసుకున్నారు. వచ్చే ఏడు అపార్ట్‌మెంట్ లీజు అయిపోయాక చార్జర్లున్న కాంప్లెక్స్‌కి మారాలని చూస్తున్నారు. ఎన్ని చార్జర్లు ఉన్నాయి, యూనిట్‌కి ఎంత తీసుకుంటారు, రాత్రంతా పెట్టి ఉంచితే అదనపు చార్జీ వేస్తారా అన్నవి సంతకం చేయకముందే రాతపూర్వకంగా అడగమని వదినకి చెప్పాను.